నోరు కదలని చోట

కరెంటు పోయింది.

దూది ఏకే మిషను ఒక్క మూలుగు మూలిగి, ఊపు మీద ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. నిన్న సాయంత్రం మొదలైన మోత అది. ఆగేసరికి ఇంట్లో ముగ్గురూ తలెత్తారు. మోత ఉన్నంతసేపూ ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇప్పుడు మాట్లాడక తప్పదు.

బుడాన్ సాహెబ్‌కి అదో అలవాటు. భార్య మీద కోపమొచ్చినా, జానెడు గోడ జాగా కోసం సొంత తమ్ముడు కోర్టుకెక్కినా ఆయన నోరు చేసుకోడు. మిషను వేస్తాడు. పెదకాకాని రోడ్డు మీద ఆయన పరుపుల షాపు ముందు నుంచి పోయేవాళ్ళు ఆ మోత పొద్దుపోయినా ఆగకపోతే, సాహెబు ఇవాళ ఎవరి మీదో మండిపడుతున్నాడని నవ్వుకుంటూ పోతారు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఇంట్లో మాట షాపులోకీ, షాపులో దూది ఇంట్లోకీ ధారాళంగా వచ్చి పోతుంటాయి.

ఇలియాస్ ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నిన్న తండ్రికి ఆ మాట చెప్పింది కూడా అక్కడే నిలబడి.

"ఆదివారం దర్శి నుంచి మొహిద్దీన్ బాషా వస్తున్నాడు," అన్నాడు బుడాన్ సాహెబ్, మీసాల మీది దూది దులుపుకుంటూ. కొడుకు వంక చూడలేదు. "వాళ్ళావిడ కూడా వస్తదంట. తెల్లచొక్కా వేసుకుని ఎదురుగా కూర్చో. అడిగినదానికి జవాబు చెప్పు. అంతే."

"రావద్దని కబురు చెయ్యి నాన్నా."

"ఎందుకు?"

"నిన్న చెప్పాగా."

"నిన్న మోతలో నాకు సరిగా వినపళ్ళేదు."

వినపడింది. వినపడిందని కొడుక్కీ తెలుసు. ఒకసారి చెప్పాక రెండోసారి చెప్పడం తేలికవుతుందని ఇలియాస్ రాత్రంతా అనుకున్నాడు గానీ, ఏమీ తేలిక కాలేదు.

"నా మనసు ఆడపిల్లల మీదికి పోదు నాన్నా. మగవాళ్ళ మీదికే పోద్ది. చిన్నప్పట్నుంచీ అంతే. బాషా గారమ్మాయిని చేసుకుంటే ఆ పిల్ల గొంతు కోసినోణ్ణవుతా."

వంటింట్లో గిన్నె కిందపెట్టిన చప్పుడైంది. సైదా చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొడుకు వెనక నిలబడింది. భర్త వైపు నిలబడాలో కొడుకు వైపు నిలబడాలో తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయినట్టుంది ఆవిడ నిలబడ్డ తీరు.

"అదంతా ఆ బొమ్మల పని," అన్నాడు బుడాన్ సాహెబ్. "ఆ మినోరుగాడి గొంతు పెట్టీ పెట్టీ నీకదే పట్టుకుంది. రేపట్నుంచి గుంటూరు పోబాక. షాపులో కూర్చో, అంతా సర్దుకుంటది."

మినోరు అంటే ఆ ఏడు గుంటూరు జిల్లాలో తెలియని పిల్లవాడు లేడు. ఆదివారం పొద్దున టీవీలో వచ్చే జపాను బొమ్మల సీరియల్లో కోట వైద్యుడు. పొడుగు జుట్టు, తెల్లటి అంగీ. ఆ సీరియల్ ముందు ఇంగ్లీషులోకి వెళ్ళి, ఆ ఇంగ్లీషులోంచి తెలుగులోకి వచ్చింది. వచ్చింది ఎక్కడికో కాదు, గుంటూరు బ్రాడీపేటలో నతానియేలు మాస్టారి రికార్డింగు గదికి. ఇంగ్లీషువాళ్ళు మినోరుకి ముక్కులోంచి సాగే గొంతు పెట్టారు. రొకుజో అనే కత్తివీరుడు కనపడితే చాలు, మెలికలు తిరిగిపోతూ జోకులు వేయించారు. హైదరాబాదు ఛానెల్‌వాళ్ళు అది చూసి, మాకు దీనికి రెండింతలు కావాలన్నారు. మినోరుకి తెలుగులో గొంతిచ్చే ఇలియాస్ రెండింతలూ చేసిపెట్టాడు. జనం పొట్టలు పట్టుకున్నారు.

అందరికంటే ఎక్కువ నవ్వింది బుడాన్ సాహెబే. నవ్వి ఊరుకోలేదు, కొడుకు చేత ఆ గొంతుతోనే షాపుకి ప్రచారం క్యాసెట్టు చేయించాడు. యలమందయ్య ఆటోకి మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఆటో రోడ్డు మీదికి వచ్చింది.

"అబ్బబ్బా... ఒళ్ళు నొప్పులా అండీ... బుడాన్ గారి బూరుగుదూది పరుపు మీద ఒక్కసారి వాలి చూడండీ..."

బుడాన్ సాహెబ్ పెదాలు నవ్వుకి అలవాటు పడి ఉన్నాయి. విచ్చుకోబోయాయి. ఆయన గబుక్కున వాటిని బిగించుకున్నాడు. అది ఇలియాస్ చూశాడు.

"ఆ గొంతు నాది కాదు నాన్నా," అన్నాడు. "నాలాంటోళ్ళని చూసి నలుగురూ నవ్వుకోటానికి ఎవరో పెట్టిన గొంతది. దాన్ని మైకు కట్టి మరీ తిప్పుతున్నాం మనం. దానివల్ల నేనిట్టా అవలేదు. ఇట్టాంటోణ్ణి కాబట్టే అది పెట్టిన ప్రతిసారీ నాకు..."

ఆగిపోయాడు.

"నీకు?" అంది సైదా.

"ఇంటికొచ్చి అన్నం సహించదమ్మా."

ఆటో మలుపు తిరిగి దూరమైంది. బుడాన్ సాహెబ్ నేల మీది దూది వంక చూస్తూ నిలబడ్డాడు, ఏదో అనబోయాడు కూడా. కానీ కరెంటు వచ్చింది. ఆయన ఆ ఇద్దరినీ ఒకసారి చూసి, తిన్నగా వెళ్ళి మిషను వేశాడు.

* * *

సైదాకి దుఃఖమొస్తే చేతులు ఊరుకోవు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. దులిపిన దుప్పటే మళ్ళీ దులిపింది. ఇంకేం తోచక టీవీ మీద ఉన్న సీడీ తీసి ప్లేయర్లో పెట్టింది. సీరియల్ ఆఖరి భాగం అది, ఇంగ్లీషుది. ప్రాక్టీసు చేసుకోమని నతానియేలు మాస్టారు ఇలియాస్‌కి ఇచ్చి పంపారు.

షాపులో మిషను మోత. టీవీలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. శబ్దం పెంచి చూసింది, లాభం లేదు. సరే కానీ అని మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇలియాస్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

తెర మీద మంచు కురుస్తోంది. కోట గోడ కూలిపోయి ఉంది. రొకుజో ఒళ్ళంతా గాయాలతో గుర్రాలశాలలో గడ్డి మీద పడి ఉన్నాడు. మినోరు పరుగెత్తుకుంటూ వచ్చి అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. మందు తాగించాడు, దిగలేదు. మళ్ళీ తాగించాడు. తన అంగీ చింపి కట్టు కట్టాడు. ఆ తర్వాత మొహం అటు తిప్పుకుని, గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు అలా ఉండిపోయాడు.

సైదా కొడుకు చెవి దగ్గరికి వంగి అరిచింది. "నువ్వు చేసేది ఈ తెల్లంగీ పిల్లోణ్ణేగా?"

"ఆఁ."

"మరి ఆ కితకితలు పెట్టేవాడేడీ? ఇతను వేరేగా ఉన్నాడే."

"అతనేనమ్మా."

"ఇప్పుడేమంటున్నాడు?"

ఇలియాస్‌కి ఇంగ్లీషు జోకు కంఠతా వచ్చు. "'అయ్యయ్యో, కొత్త అంగీ అంతా నెత్తురు చేశావు, ఇప్పుడెవరుతుకుతారు?' అంటాడు."

"అనటం ఏంది? అటు తిరిగి కూర్చున్నాడు. నోరే కనపట్టం లేదుగా."

ఇలియాస్ చప్పున తల ఎత్తాడు. రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. నిజమే. తెర నిండా మినోరు వీపే ఉంది. ఆ వీపు వణుకుతోంది. ఇంకాస్త ముందుకి పోనిచ్చాడు. ఇంకో జోకున్న చోట మొహం ఇటే ఉంది గానీ పెదాలు బిగించి ఉన్నాయి. మూడో జోకు దగ్గర అతను దూరంగా మంచులో నీళ్ళు మోసుకొస్తున్నాడు, చీమంత ఉన్నాడు.

పాత భాగాలన్నీ ఇలియాస్ కళ్ళముందు తిరిగాయి. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, మాట పెదాలకి అతికిందా లేదా అని చూసుకోవడమే ఇన్నాళ్ళూ అతని పని. పెదాలు కనపడని చోట ఆ బాధ లేదు. అక్కడికి రాగానే నతానియేలు మాస్టారు అద్దం అవతల్నుంచి, "ఇక్కడ ఫ్రీ, రెచ్చిపో," అని చెయ్యి ఊపేవారు. తను రెచ్చిపోయేవాడు. బొమ్మ గీసినవాడు ఆ మనిషిని మౌనంగా ఉంచిన చోటల్లా ఇంగ్లీషువాళ్ళు ఒక వెకిలి మాట కూరారు. దాని మీద ఇంకో వెకిలి మాట తను కూరాడు.

"పక్కనోడి ప్రాణం పోతుంటే జోకులేస్తాడా ఎవడైనా?" అంది సైదా. కాసేపు చూసి మళ్ళీ అడిగింది. "వీళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు?"

"అన్నదమ్ములని చెప్పారు ఇంగ్లీషులో."

"ఎవరు, వీళ్ళా? అన్నదమ్ములు ఇట్టా చూసుకుంటారా? మీ నాన్ననీ మీ బాబాయినీ చూడలా?"

ఇలియాస్‌కి నవ్వొచ్చింది. ఆ పూట నవ్వొస్తుందని అతననుకోలేదు. తెర మీద మినోరు రొకుజో చేతిని తీసి తన చెంపకి ఆనించుకున్నాడు. సైదా నవ్వలేదు. ఆవిడ కళ్ళు తెర మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం కొడుకు మోకాలి మీదికి వచ్చింది.

"నువ్వు నిన్న మీ నాన్నకి చెప్పింది ఇదేనా?"

"ఇదేనమ్మా."

మిషను మోతలో ఆవిడ తర్వాతి మాట సగం కొట్టుకుపోయింది. మిగిలిన సగం అతనికి చాలింది.

"...నేనింకేదో పాడు విషయం అనుకున్నాన్రా."

* * *

నతానియేలు మాస్టారి రికార్డింగు గదికి నాలుగు గోడలా బుడాన్ సాహెబ్ కుట్టిన పరుపులే. బయట రిక్షా బెల్లు లోపలికి వినపడకుండా మాస్టారు చేయించుకున్న ఏర్పాటు. ఆ పరుపులు బిగించడానికొచ్చినప్పుడే ఇలియాస్ గొంతు ఆయన చెవిన పడింది. స్కూలు పంతులుగా రిటైరై, చర్చి నాటకాలు క్యాసెట్లుగా వేసుకునే మాస్టారికి, ఛానెల్‌వాళ్ళ బొమ్మలు వచ్చాక చేతినిండా పని. కత్తివీరుడు రొకుజోకి ఆయనే గొంతిస్తారు. ఆయన గొంతు అంత గంభీరం. మనిషి మాత్రం మైకు అందక పీట ఎక్కుతారు.

"జోకులు తీసెయ్యాలా?" అన్నారు పీట దిగి. "ఛానెల్‌వాళ్ళు నన్ను తీసేస్తారు."

"ఆ మూడు చోట్లా అతని నోరు కదలటం లేదు మాస్టారూ," అన్నాడు తండ్రి వద్దన్నా గుంటూరు వచ్చిన ఇలియాస్.

"కదలదు కాబట్టే పెట్టుకున్నారు. ఖాళీగా ఎందుకొదలాలి?"

"ఖాళీ కాదండీ అది. ఏడుపు ఆపుకుంటున్నాడు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయనకి చిరాకొస్తే కళ్ళజోడు మీద పడతారు. "చూడు ఇలియాసూ, ఇది పిల్లల బొమ్మలు. నువ్వు నవ్విస్తావనే జనం చూస్తున్నారు. నువ్వు చెయ్యనంటే చేసేవాళ్ళు ఇంకొకళ్ళు దొరుకుతారు, నాకు వాళ్ళు నచ్చకపోయినా సరే."

"దొరుకుతారు. కానీ నేను మాత్రం ఆ గొంతు ఇంక పెట్టను."

గోడవారగా స్టూలు మీద కూర్చున్న జాస్మిన్ చేతిలో కాగితాలు తిప్పుతోంది. రాకుమారికి గొంతిచ్చేది ఆ అమ్మాయే. "మాస్టారూ, నాకూ అంతేనండీ," అంది. "ఆ సీనులో రాకుమారి గుమ్మం దాకా వచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి, తలొంచుకుని వెళ్ళిపోద్ది. ఇంగ్లీషులో నాకు 'మీ అన్నదమ్ముల ముచ్చట్లు అయ్యాయా' అని పెట్టారు. రాకుమారి నోరు తెరిస్తే ఒట్టు."

"నువ్వు కూడానా?" అన్నారు మాస్టారు. తర్వాత ఇలియాస్ వైపు తిరిగారు. "ఎన్నో జోకులు చేశావు. నేను చాలన్నా ఇంకోటి చేస్తానన్నావు. ఇప్పుడీ పట్టుదల దేనికి?"

పరుపుల గదిలో మాట అన్నాక దాని నీడ కూడా మిగలదు, ఎక్కడిదక్కడే ఇంకిపోతుంది. అదొక ధైర్యం ఇచ్చింది ఇలియాస్‌కి.

"నేనూ ఆ మినోరు లాంటోణ్ణే మాస్టారూ. మొన్న ఇంట్లో చెప్పేశా."

జాస్మిన్ కాగితాలు తిప్పడం ఆపింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను చర్చిలో సంఘ పెద్దని," అన్నారు చివరికి.

"తెలుసండీ."

"ఇది ఒప్పని నా చేత చెప్పించలేవు."

"చెప్పమనటం లేదండీ. నా చేత ఆ జోకులు చెప్పించొద్దంటున్నా."

ఆయన వయసు మనుషులకి ఇలాంటి మాట ఎదురుపడితే సాధారణంగా తలుపు చూపిస్తారు. ఇలియాస్ ఆ తలుపు వైపే చూస్తున్నాడు. కానీ మాస్టారు వెళ్ళి తెర ముందు నిలబడి, ఆ సీను శబ్దం లేకుండా వేసుకుని చూశారు. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశారు. రెండోసారి చూస్తున్నప్పుడు ఆయన మెడ వెనక ఎర్రబడింది.

"నీ సంగతి దేవుడు చూసుకుంటాడు, అది ఆయన పని," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "సీను సంగతి నా పని. ఇన్నేళ్ళుగా నాటకాలు వేయిస్తున్నా, ప్రాణం మీదికొచ్చిన సీనులో ఇంతవరకూ ఒక్కణ్ణీ నవ్వించలేదు. దీంట్లో మాత్రం ఎట్టా నవ్వించాను నేను?" ఒక్క క్షణం ఆగారు. "రొకుజోని పిలిచే ఆ 'అన్నయ్యా' కూడా కొట్టెయ్. అది నేను రాసిందే. పేరు పెట్టి పిలువు."

ఆయన పీట ఎక్కారు. ఇలియాస్ పక్కన నిలబడ్డాడు. ఎర్రదీపం వెలిగింది.

జోకులున్న చోట్లు వచ్చాయి, పోయాయి. ఇలియాస్ ఏమీ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వదిలాడు, మైకు దాన్ని పట్టుకుంది. తెల్లవారుతుండగా మినోరు తల ఎత్తి మాట్లాడే చోటు వచ్చింది. అక్కడ పెదాలు కదులుతాయి.

"రొకుజో. తెల్లారింది. ఒక్కసారి చూడు."

సాగదీయలేదు, ముక్కుతో అనలేదు. ఇంట్లో అమ్మని మంచినీళ్ళడిగే గొంతుతో అన్నాడు.

మాస్టారి మాట రావాల్సిన చోట ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను?"

ఎర్రదీపం ఆరింది. జాస్మిన్ ఓణీ అంచుతో ముక్కు తుడుచుకుంటోంది. మాస్టారు హెడ్‌ఫోను తీయలేదు, పీట దిగలేదు. గంభీరమైన ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇంకో టేకు అక్కర్లేదు," అన్నారు. "సాయంత్రం బస్సుకి టేపు పంపించేస్తా. వేసే ముందు ఛానెల్‌వాళ్ళెటూ వినరు. ఆదివారం నేను చర్చిలో ఉంటా, వాళ్ళ ఫోనెత్తను. సోమవారం తిట్లు తింటా."

* * *

ఆదివారం పొద్దున, ఇంట్లోంచి పరుపుల షాపులోకి జరిపిన టీవీ ముందు ఎప్పటిలాగే జనం చేరారు. మిర్చియార్డుకి సెలవు. బస్తాలు మోసే హమాలీలు, వాళ్ళ పిల్లలు, గుడికొచ్చి బస్సు కోసం చూస్తున్నవాళ్ళు, దిండ్లకి దూది కూరే పుల్లమ్మ, ఆటో బయటపెట్టి వచ్చిన యలమందయ్య. బుడాన్ సాహెబ్ పెద్ద సూదితో పరుపు అంచు కుడుతున్నాడు. ఆయన కొడుకుతో మాట్లాడక చాలా పొద్దులైంది. కానీ జనం ఉన్నప్పుడు మిషను వేయడు, గిరాకీ పోతుందని.

ఇలియాస్ గుమ్మంలో నిలబడ్డాడు. మొహిద్దీన్ బాషా దర్శి బస్సు ఎక్కాడని పొద్దున్నే ఫోనొచ్చింది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఇవాళ ఏం పేలుస్తాడో మినోరుగాడు," అన్నాడు యలమందయ్య, ముందుగానే నవ్వుతూ.

మంచు కురిసింది. మినోరు రొకుజో తల ఒళ్ళోకి తీసుకున్నాడు. అటు తిరిగాడు. జనం చెవులు రిక్కించారు. ఏమీ రాలేదు. అలవాటు కొద్దీ పుల్లమ్మ కిసుక్కున నవ్వింది. ఎవరూ జత కలవకపోయేసరికి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"సౌండు పోయిందా ఏందయ్యా?" అన్నాడు ఎవరో.

"పోలేదు. ఉండు," అంది వెనకనుంచి సైదా. ఆవిడ గొంతు షాపులో అంత గట్టిగా వినపడటం ఎవరికీ గుర్తులేదు.

రాకుమారి వచ్చింది, చూసింది, మౌనంగా వెళ్ళిపోయింది. ఆ మౌనంలో మినోరు ఊపిరి వినపడింది. నవ్వడానికొచ్చిన జనం నవ్వుకి బదులు ఏం చెయ్యాలో తెలియక ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ తెర వైపు చూశారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. తెల్లవారింది. రొకుజో కళ్ళు తెరిచాడు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను?"

బుడాన్ సాహెబ్ చేతిలో సూది ఆగిపోయింది. ఆ గొంతు ఆయనకి తెలుసు. కరెంటు పోయిన పూట, ఈ గుమ్మంలోంచే, ఆయన వినపడలేదని బుకాయించిన గొంతది.

ఒక హమాలీ చప్పట్లు కొట్టాడు. వెంటనే అందరూ కొట్టారు. కారంతో మండే చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసీ ఒకడు తుడుచుకుని, కెవ్వుమని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. పుల్లమ్మ మాత్రం దాపరికం లేకుండా ఏడ్చేసింది.

ఇలియాస్ ఆ చప్పట్లు వింటూ గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళ నవ్వుల్లో ఒక్కటీ తనదనుకోలేదు. ఈ చప్పట్లు మాత్రం అచ్చంగా తనవి. ఒళ్ళంతా సంతోషంతో తేలికైంది.

"ఎవరిదయ్యా ఆ గొంతు? ఎవర్నో కొత్తోణ్ణి పెట్టారే," అన్నాడు యలమందయ్య.

"మావాడిదే," అన్నాడు బుడాన్ సాహెబ్.

"మరి ఎప్పుడూ చేసేది?"

"అది వాళ్ళు అడిగింది. ఇది వాడిది." ఆయన సూది పరుపులో గుచ్చి లేచాడు. "యలమందయ్యా, ఆటోలో ఆ క్యాసెట్టు తీసెయ్."

"ఎందుకండీ? జనం ఎగబడి..."

"తీసెయ్యమన్నాగా."

జనం ఇంకా పూర్తిగా కదలకముందే ఆటో వెనక రిక్షా ఆగింది. మొహిద్దీన్ బాషా దిగాడు, వెనకే ఆయన భార్య. చేతిలో ద్రాక్షపళ్ళ సంచి. "ఏం సాహెబ్ గారూ, పొద్దున్నే ఇంత జనం. వ్యాపారం బాగున్నట్టుందే," అన్నాడు నవ్వుతూ.

బుడాన్ సాహెబ్ వాళ్ళని ఇంట్లోకి తీసుకెళ్ళి కుర్చీలు వేశాడు. సైదా టీ తెచ్చింది. ఇలియాస్ రంగుచొక్కాతోనే గోడకానుకుని నిలబడ్డాడు. తండ్రి తన వైపు చూడలేదు. బాషా భార్య మాత్రం కాబోయే అల్లుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా మురిపెంగా చూసింది. ఆ మురిపెం చూడలేక ఇలియాస్ చూపు దించుకున్నాడు.

"బాషా గారూ, ముందే ఒక మాట," అన్నాడు బుడాన్ సాహెబ్. "మీ అమ్మాయికి ఏ వంకా లేదు. మావాడికీ ఏ వంకా లేదు. కానీ ఈ పెళ్ళి నేను చెయ్యను."

బాషా కప్పు నోటి దగ్గరే ఆగింది. ఆయన భార్య మొహంలో రంగు మారింది.

"వంక లేకపోతే చెయ్యకపోవటమేంటండీ?" అందావిడ. "ఊరంతా చెప్పుకుని బస్సెక్కాం. తిరిగెళ్ళి ఏమని చెప్పాలి?"

"కారణం చెప్పండి," అన్నాడు బాషా, కప్పు కింద పెట్టి. గొంతు పెరిగింది. "చెప్పేదాకా నేను ఇక్కణ్ణుంచి లేవను."

"లేవొద్దు. వినే పోండి." బుడాన్ సాహెబ్ మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటు చేశాడు. "కారణం ఉంది. కాకపోతే అది చెప్పాల్సింది నేను కాదు. ఇలియాసూ, ఇట్టా రా. నాకెట్టా చెప్పావో అట్టాగే చెప్పు. ఆ తర్వాత ఎవరేం మాట్లాడినా నాతో మాట్లాడతారు."

ఇలియాస్ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన భుజం అతని భుజానికి తగిలింది, అలాగే తగిలి ఉంది. ఎదురుగా దర్శి నుంచి వచ్చిన రెండు మొహాలు, కోపంతో ఒకటి, దిగులుతో ఒకటి.

"బాషా గారూ," అన్నాడు ఇలియాస్. "మీకు కోపమొస్తే రానివ్వండి. కానీ పూర్తిగా వినండి."